మూసిన తలుపుల వెనుక బెదిరింపు: యూసుఫ్ (అలై) గాథ చూపే దారి

యూసుఫ్ సూరాను మనం పిల్లలకు ఇష్టంగా చెబుతాం. అన్నలు బావిలో పడవేయడం, బిడారు వారు కొద్ది దిర్హములకు అమ్మేయడం, ఈజిప్టు రాజు కల, చివరకు తండ్రీ కొడుకుల కలయిక... ఇవన్నీ మన ఇళ్ళలో తరతరాలుగా చెప్పుకుంటున్నవే. అయితే ఆ సూరా మధ్యలో ఒక ఘట్టం ఉంది. పిల్లల ముందు దాన్ని మనం త్వరత్వరగా దాటేస్తాం. ఒక యువకుణ్ణి గదిలో ఉంచి తలుపులు మూసి, చెడు పనికి పిలిచి, అతను లొంగకపోతే జైలుకు పంపుతానని బెదిరించిన ఘట్టమది.

ఈనాటి భాషలో చెప్పాలంటే అది బ్లాక్‌మెయిల్. నేడు ఆ మూసిన గది మన పిల్లల అరచేతిలో ఉంది. దాని పేరు మొబైల్ ఫోన్. అందుకే ఈ ఘట్టాన్ని దాటవేయకుండా, మన ఇంటి అవసరంగా భావించి ఈ నెల పాఠంలో పరిశీలిద్దాం.

వల ఎలా వేస్తారు?

ఆన్‌లైన్ లైంగిక బ్లాక్‌మెయిల్ అంటే, ఒక వ్యక్తి నగ్న చిత్రాన్నో వీడియోనో సంపాదించి, లేదా కృత్రిమంగా తయారుచేసి, "డబ్బు ఇవ్వకపోతే, చెప్పినట్లు వినకపోతే దీన్ని నీ వాళ్ళందరికీ పంపుతాను" అని బెదిరించడం. ఇది ముఖ్యంగా మూడు దారుల్లో వస్తుంది.

మొదటిది అపరిచితుల వల. ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో అందమైన ఫొటోతో ఒక స్నేహ అభ్యర్థన వస్తుంది. కాసేపు తియ్యటి మాటలు నడుస్తాయి. వెంటనే వాట్సాప్ నంబరు అడుగుతారు. ఆ తరువాత వీడియో కాల్. అవతల కనబడేది చాలాసార్లు ముందే రికార్డు చేసి ఉంచిన వీడియో మాత్రమే. ఇవతలి వ్యక్తి ముఖం, ఒళ్ళు కనబడగానే తెరను రికార్డు చేసుకుంటారు. కొన్ని నిమిషాల్లోనే ఆ వీడియో, దానితో పాటు అతని బంధుమిత్రుల పేర్ల జాబితా వచ్చి పడతాయి. డబ్బు ఇవ్వకపోతే మర్నాడు మరొకడు "క్రైం బ్రాంచ్ అధికారిని" అంటూ ఫోన్ చేస్తాడు. మూడోవాడు "వీడియో యూట్యూబ్‌లో ఎక్కింది, తొలగించాలంటే ఇంత" అంటాడు. ఈ ముగ్గురూ ఒకే ముఠా మనుషులు. హర్యానాలోని నూహ్, రాజస్థాన్‌లోని భరత్‌పూర్, అల్వర్ ప్రాంతాల ముఠాలు ఇటువంటి మోసాలకు పేరుపడ్డాయి. 2023 ఏప్రిల్‌లో హర్యానా పోలీసులు దాదాపు 5 వేల మంది సిబ్బందితో నూహ్ జిల్లాలోని 14 గ్రామాలపై ఒకేసారి దాడులు జరిపి సైబర్ నేరస్థులను పట్టుకున్నారు. ప్రొఫైల్‌లో ముస్లిం పేరు ఉన్నంత మాత్రాన, సలాముతో మాట మొదలుపెట్టినంత మాత్రాన ఎవరినీ నమ్మరాదని దీనినిబట్టి గ్రహించాలి.

నిజామాబాద్, కరీంనగర్, కడప ప్రాంతాల నుండి గల్ఫ్‌కు వెళ్ళి, ఏళ్ళ తరబడి కుటుంబానికి దూరంగా ఉండే మన సోదరులకు కూడా ఈ వల నుండి రక్షణ లేదు. ఒంటరితనమే ఈ ముఠాల పెట్టుబడి.

రెండవది తెలిసినవారి ద్రోహం. తరగతిలో తోటి విద్యార్థి కావచ్చు, మంగ్నీ జరిగిన తరువాత సంబంధం తప్పిపోయిన వరుడు కావచ్చు, ఒకప్పుడు స్నేహితుడైనవాడు కావచ్చు. నమ్మకం మీద పంపిన ఫొటో కోపం వచ్చిన రోజున కత్తిగా మారుతుంది. మంగ్నీ అయినంత మాత్రాన ఇద్దరూ భార్యాభర్తలు కారు. నికాహ్ జరిగేవరకు వారు ఒకరికొకరు పరాయివారే అన్న షరీఅత్ హద్దులో ఎంత మేలు దాగి ఉందో ఇక్కడ అర్థమవుతుంది.

మూడవది బాధితులు ఏ తప్పూ చేయని దారి. 2020 డిసెంబరులో తెలంగాణలో అప్పుల యాప్‌ల వ్యవహారం బయటపడింది. అప్పు తీసుకున్నవారి ఫోన్‌లోని ఫొటోలు, నంబర్లు లాగేసి, మార్ఫింగ్ చేసిన చిత్రాలను బంధువులకు పంపి వేధించారు. ఆ అవమానం భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2021 జూలైలో, మళ్ళీ 2022 జనవరిలో ముస్లిం మహిళల ఫొటోలను దొంగిలించి, యాప్‌లలో "వేలం" పెట్టిన దుర్మార్గాన్ని కూడా చూశాం. అది డబ్బు కోసం చేసిన బ్లాక్‌మెయిల్ కాదు. ఆ స్త్రీల నోరు మూయించడానికి జరిగిన ప్రయత్నం. వారిలో పలువురు తలదించుకుని కూర్చోలేదు. ఫిర్యాదు చేశారు, నిలబడ్డారు. అరెస్టులు జరిగాయి. ఇప్పుడు కృత్రిమ మేధతో ఎవరి ముఖాన్నైనా ఏ శరీరానికైనా అతికించగలుగుతున్నారు. కాబట్టి "మా పిల్ల అలాంటిది కాదు, మాకెందుకు ఈ పాఠం" అని ఏ ఇల్లూ అనుకోవడానికి వీల్లేదు.

బెదిరింపుకు బలం ఎక్కడిది?

కాస్త ఆలోచించండి. బ్లాక్‌మెయిల్ చేసేవాడి చేతిలో ఉన్నది ఒక ఫొటో మాత్రమే. దానికి అంత బలం ఎక్కడి నుండి వచ్చింది? మన ఇంటి నుండే వచ్చింది. "అబ్బాకు తెలిస్తే చంపేస్తారు, అమ్మీ గుండె ఆగిపోతుంది, మొహల్లాలో తలెత్తుకోలేం" అన్న పిల్లల భయమే వాడి అసలు ఆయుధం. ఆ భయం తొలగిననాడు వాడి చేతిలో ఉన్న ఆయుధం సగం మొద్దుబారిపోతుంది.

2022 డిసెంబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక జారీచేసింది. అంతకు ముందటి ఏడాది కాలంలో మైనర్ల మీద ఇలాంటి బెదిరింపుల గురించి 7 వేలకు పైగా ఫిర్యాదులు అందాయని, కనీసం 3 వేల మంది బాధితులు తేలారని, వారిలో ఎక్కువమంది మగపిల్లలేనని, పన్నెండు మందికి పైగా ఆత్మహత్య చేసుకున్నారని అందులో తెలిపింది. ఆడపిల్లకే ఈ ప్రమాదం అనుకుని కొడుకును వదిలేసే తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి. అదే 2022లో మిషిగన్ రాష్ట్రంలో 17 ఏళ్ళ విద్యార్థి ఒకడు బెదిరింపు మొదలైన కొన్ని గంటల్లోనే ప్రాణం తీసుకున్నాడు. నైజీరియా నుండి ఆ పని చేసిన ఇద్దరు అన్నదమ్ములను అమెరికాకు రప్పించారు. 2024 సెప్టెంబరులో ఒక్కొక్కరికి పదిహేడున్నర ఏళ్ళ జైలుశిక్ష పడింది. సముద్రాల అవతల ఉన్నా వాళ్ళు దొరికిపోయారు. కాని ఆ అబ్బాయి ఆ రాత్రి పక్క గదిలో ఉన్న పెద్దలను లేపి ఉంటే ఎంత బాగుండేది!

పాపాన్ని చాటుకోవడం వేరు, దౌర్జన్యంపై మొరపెట్టడం వేరు

ఇక్కడ మన ధార్మిక కుటుంబాలలో ఒక అపార్థం ఉంది. తన పాపాన్ని తానే చాటుకునేవారికి తప్ప తన సముదాయంలో అందరికీ క్షమాపణ ఉందని దైవప్రవక్త (స) తెలిపారు. రాత్రి చేసిన తప్పును అల్లాహ్ కప్పి ఉంచితే, తెల్లవారగానే మనిషి దాన్ని తానే బయటపెట్టుకోవడం అందులో చేరుతుందని వివరించారు (బుఖారీ, ముస్లిం). ఈ హదీసు విన్న పిల్లవాడు, "నేను చేసింది ఎవరికీ చెప్పకూడదు కాబోలు, చెబితే మరో పాపమవుతుంది" అనుకుని లోలోపల కుమిలిపోతాడు.

ఇది సరికాదు. చాటుకోవడమంటే సిగ్గు లేకుండా గొప్పగా చెప్పుకోవడం. సాయం కోరుతూ తండ్రికో, తల్లికో, ఆలిమ్‌కో, పోలీసుకో చెప్పడం మొరపెట్టుకోవడం. చెడును బహిరంగంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదని, అయితే అన్యాయానికి గురైనవాడికి దానినుండి మినహాయింపు ఉందని నిసా సూరా (4:148) స్పష్టం చేస్తుంది. ఇమామ్ నవవీ (రహ్మ) తన "రియాజుస్సాలిహీన్"లో పరోక్షనిందకు మినహాయింపులను లెక్కిస్తూ, దౌర్జన్యానికి గురైనవాడు అధికారి ముందు ఫిర్యాదు చేయడాన్ని అందులో చేర్చారు. కాబట్టి బ్లాక్‌మెయిలర్ గురించి చెప్పడం పాపం కాదు, అది బాధితుని హక్కు.

ఒకవేళ బాధితుని వైపు నుండి కూడా తప్పు జరిగి ఉంటే? జరిగింది తప్పే. దాన్ని చిన్నది చేయనవసరం లేదు. కాని ఆ తప్పుకు తౌబా అల్లాహ్ ముందు చేసుకోవాలి. దాని తీర్పును ఒక దోపిడీదారు చేతిలో పెట్టకూడదు. తమ ఆత్మలకు అన్యాయం చేసుకున్నవారు సైతం అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందరాదని జుమర్ సూరా (39:53) పిలుస్తోంది. పాపం చేసినవాడికి తెరిచి ఉన్న ఆ ద్వారం ముందు బ్లాక్‌మెయిలర్ నిలబడి, "నీకు దారి లేదు" అంటాడు. అది షైతాన్ చెప్పే మాటే.

యూసుఫ్ (అలై) ఏం చేశారు?

ఇప్పుడు ఆ ఘట్టాన్ని వరుసగా చూద్దాం.

తలుపులు మూసిన వెంటనే ఆయన అల్లాహ్ శరణు కోరారు (12:23). అక్కడే నిలబడి వాదించలేదు, తలుపు వైపు పరుగెత్తారు (12:25). మొదటి పాఠం ఇదే. చెడు వాసన తగలగానే ఆ సంభాషణను అక్కడికక్కడే తెంచుకోవాలి.

తలుపు దగ్గర యజమాని ఎదురుపడ్డాడు. ఆమె నేరాన్ని ఆయన మీదికి తోసింది. ఆయన మౌనంగా ఉండలేదు. తనను లోబరచుకోజూసింది ఆమేనని సూటిగా చెప్పారు (12:26). తాను ఆ ఇంట కొనబడిన పిల్లవాడు, ఎదుట ఉన్నది ఇంటి యజమానురాలు. అయినా నిజం చెప్పారు.

తరువాత సాక్ష్యం మాట వచ్చింది. చొక్కా ముందు నుండి చిరిగిందా, వెనుక నుండి చిరిగిందా అని చూశారు. వెనుక చిరుగే ఆయన నిర్దోషిత్వాన్ని రుజువు చేసింది (12:26-28). సిగ్గుతో ఆ చొక్కాను దాచేసి ఉంటే సాక్ష్యమే మిగిలేది కాదు.

చెప్పినట్లు చేయకపోతే జైలేనని ఆమె బెదిరించినప్పుడు (12:32) ఆయన బేరమాడలేదు. వారు పిలుస్తున్న దానికంటే జైలే తనకు మేలని ప్రభువుకు మొరపెట్టుకున్నారు (12:33). ఒక్కసారి లొంగితే బెదిరింపు ఆగదని, అదే మొదలవుతుందని ఈ వైఖరి నేర్పుతుంది.

ఏళ్ళు గడిచాక రాజు విడుదలకు కబురు పంపితే, ముందుగా ఆ స్త్రీల సంగతి విచారించండని ఆయన తిరుగు కబురు పంపారు (12:50). విచారణలో నిజం వెల్లడైంది (12:51). పరువు అంటే విషయాన్ని పూడ్చిపెట్టడం కాదు, నిజాన్ని నిలబెట్టడం.

బెదిరింపు వచ్చిన రోజున

ఈ పాఠాలనే నేటి ఫోనుకు అన్వయించుకుంటే ఈ పనులు చేయాలి.

1. డబ్బు ఇవ్వవద్దు, మరో ఫొటో పంపవద్దు, బతిమాలవద్దు. ఇచ్చినవాడు మళ్ళీ ఇస్తాడని వాళ్ళకు తెలుసు. విశ్వాసి ఒకే కన్నం నుండి రెండుసార్లు కాటు తినడని దైవప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం). ఇప్పటికే ఒకసారి ఇచ్చి ఉంటే అంతటితో ఆపండి.

2. సాక్ష్యం దాచండి. సంభాషణ, ప్రొఫైల్, ఫోన్ నంబరు, యూపీఐ ఐడీ, బ్యాంకు ఖాతా, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. భయంతో అన్నీ తుడిచేయవద్దు. ఆ తరువాతే బ్లాక్ చేసి, ఆ యాప్‌లో రిపోర్టు చేయండి. బాధితులు పిల్లలైతే ఆ చిత్రాన్ని "రుజువు" పేరుతో బంధువుల గ్రూపుల్లో తిప్పవద్దు, పోలీసులకు మాత్రమే చూపండి.

3. ఆ రోజే నమ్మకమైన ఒక పెద్దకు చెప్పండి. అమ్మీ, అబ్బా కాకపోతే మామూ, ఖాలా, ఆపా, ఉస్తాద్... ఎవరో ఒకరు.

4. ఫిర్యాదు చేయండి. డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. కేంద్ర ప్రభుత్వ పోర్టల్ సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో స్త్రీలు, పిల్లలపై జరిగే నేరాలకు ప్రత్యేక విభాగం ఉంది. అక్కడ పేరు చెప్పకుండా కూడా సమాచారం ఇవ్వవచ్చు. పిల్లలకు 1098, స్త్రీలకు 181, అత్యవసరమైతే 112.

5. చిత్రం వ్యాపించకుండా ఆపే ఉచిత సేవలు ఉన్నాయి. 18 ఏళ్ళు దాటినవారికి "స్టాప్ ఎన్‌సీఐఐ", 18 ఏళ్ళలోపు తీసిన చిత్రాలకు "టేక్ ఇట్ డౌన్". ఇవి చిత్రాన్ని తీసుకోవు. మీ ఫోన్‌లోనే దానికొక అంకెల గుర్తు తయారుచేసి ఆ గుర్తును మాత్రమే తీసుకుంటాయి. వీటితో చేతులు కలిపిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి సంస్థలు ఆ గుర్తు ఆధారంగా చిత్రాన్ని గుర్తించి అడ్డుకోగలవు.

6. ప్రాణం మీద విరక్తి కలిగితే ఒంటరిగా ఉండవద్దు. ఇంట్లోవారిని లేపండి. 14416 టెలీమానస్ నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. మిమ్మల్ని మీరు చంపుకోకండని, అల్లాహ్ మీ పట్ల దయామయుడని నిసా సూరా (4:29) చెబుతోంది. ఆ ఆజ్ఞ వెంటనే దయ ప్రస్తావన ఉండటం గమనించండి.

చట్టం కూడా బాధితుని పక్షానే ఉంది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 308వ సెక్షన్ ప్రకారం బెదిరించి డబ్బు గుంజడానికి 7 ఏళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. సమాచార సాంకేతిక చట్టంలోని 67-ఎ సెక్షన్ ప్రకారం లైంగిక దృశ్యాలను వ్యాపింపజేస్తే మొదటి నేరానికే 5 ఏళ్ళ వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా. బాధితులు 18 ఏళ్ళలోపువారైతే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం కింద పిల్లవాడి వాంగ్మూలాన్ని ఇంటి వద్దనే తీసుకోవచ్చు, పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు, పిల్లల పేరు, ఊరు పత్రికల్లో వెల్లడి చేయకూడదు. సౌదీ అరేబియాలో ఉన్నవారికి కూడా ఒక మాట. అక్కడి 2007 నాటి సైబర్ నేరాల చట్టం బ్లాక్‌మెయిల్‌ను శిక్షార్హమైన నేరంగా పరిగణిస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మాట

ఒక యువకుడు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, వ్యభిచారానికి అనుమతి ఇమ్మని అడిగాడు. చుట్టూ ఉన్నవారు అతణ్ణి గద్దించారు. దైవప్రవక్త (స) మాత్రం దగ్గరకు పిలిచి కూర్చోబెట్టుకున్నారు. నీ తల్లి విషయంలో దీన్ని ఇష్టపడతావా, నీ కూతురు విషయంలో, నీ సోదరి విషయంలో ఇష్టపడతావా అని ఒక్కొక్కటిగా అడిగి ఆలోచింపజేశారు. చివరకు అతనిపై చేయి ఉంచి, అతని పాప క్షమాపణ కోసం, హృదయ నిర్మలత్వం కోసం ప్రార్థించారు (ముస్నద్ అహ్మద్).

మన కొడుకో కూతురో వణుకుతూ వచ్చి "ఒక తప్పు జరిగింది" అన్నప్పుడు మనం ఎవరిలా ప్రవర్తిస్తున్నాం? గద్దించిన జనంలాగానా, చేయి ఉంచిన ప్రవక్త (స)లాగానా? కొట్టడం, చదువు మాన్పించడం, హడావుడిగా పెళ్ళి చేసేయడం... ఇవన్నీ బ్లాక్‌మెయిలర్ చెప్పిన మాట నిజమేనని బిడ్డకు రుజువు చేస్తాయి. ముందు బిడ్డను కాపాడండి. క్రమశిక్షణ గురించిన మాట తరువాత, శాంతంగా చెప్పవచ్చు.

కొన్ని గుర్తులు కనబడితే మీరే పలకరించండి. ఫోన్ మోగగానే ఉలిక్కిపడటం, నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం, అకస్మాత్తుగా డబ్బు అడగడం, ఇంట్లో నగదో నగో కనబడకపోవడం, నమాజుకూ చదువుకూ దూరమై గది మూసుకుని ఉండటం. "ఏం జరిగినా ముందు నాకు చెప్పు, నేను నీ పక్షాన ఉంటాను" అన్న మాట ఆపద రాకముందే, ఒక మామూలు రోజున, అన్నం తింటూ చెప్పి ఉంచండి.

చూసేవారి బాధ్యత

ఎవరిదో వీడియో మీ ఫోన్‌కు వచ్చింది. అప్పుడు మీరూ పరీక్షలో ఉన్నట్లే. విశ్వాసులలో అశ్లీలం వ్యాపించాలని కోరుకునేవారికి ఇహపరాలలో బాధాకరమైన శిక్ష ఉందని నూర్ సూరా (24:19) హెచ్చరిస్తోంది. అది నిజమా, మార్ఫింగా అని మనకు తెలియదు. తెలిసినా పంచే హక్కు లేదు. తోటి ముస్లిం లోపాన్ని కప్పినవాడి లోపాలను అల్లాహ్ ఇహపరాలలో కప్పుతాడన్నది ప్రవక్త (స) శుభవార్త (ముస్లిం). తెరవకండి, ముందుకు పంపకండి, తొలగించండి. ఆ కుటుంబాన్ని మునుపటిలాగే గౌరవించండి. ఆ అమ్మాయి సంబంధం గురించి ఎవరైనా అడిగితే ఆ ముచ్చట ఎత్తకండి.

ముందు జాగ్రత్తలు

చూపులను కాపాడుకోమన్న ఆజ్ఞ నూర్ సూరాలో (24:30-31) ముందు పురుషులకు, ఆ తరువాత స్త్రీలకు ఇవ్వబడింది. తెర మీది చూపుకు కూడా అదే ఆజ్ఞ. తెలియనివారి స్నేహ అభ్యర్థనను, వీడియో కాల్‌ను స్వీకరించకండి. స్నేహితుల జాబితా ఇతరులకు కనబడకుండా అమర్చుకోండి. వాట్సాప్‌కు రెండంచెల భద్రత పెట్టుకోండి. ఫోన్ మరమ్మతుకు ఇచ్చేముందు ఫొటోలు తీసేయండి. అప్పుల యాప్‌లు వడ్డీ దృష్ట్యా ఎలాగూ నిషిద్ధం, పరువు దృష్ట్యా కూడా ప్రమాదకరం. పంపిన ఫొటో "ఒకసారి చూడగానే మాయమవుతుంది" అన్న మాట నమ్మకండి. చూసేవాడి చేతిలో మరో ఫోన్ ఉండవచ్చు.

ఇంట్లో చర్చించుకోవడానికి

ఈ పాఠం చదివాక కుటుంబమంతా కూర్చుని ఈ ప్రశ్నలు మాట్లాడుకోండి. యూసుఫ్ (అలై) తలుపు వైపు ఎందుకు పరుగెత్తారు? చొక్కా సాక్ష్యం మనకు ఏం నేర్పుతుంది? పాపాన్ని చాటుకోవడానికీ, సాయం కోరడానికీ తేడా ఏమిటి? మన ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఆపద వస్తే మొదట ఎవరికి చెప్పాలి? ఈ చివరి ప్రశ్నకు పిల్లలు తడుముకోకుండా జవాబు చెప్పగలిగేలా చేయడమే తల్లిదండ్రుల పని.

అల్లాహ్ మన సంతానాన్ని కుట్రదారుల కుట్రల నుండి కాపాడుగాక! జారిపడినవారికి తౌబా భాగ్యాన్ని, బాధితులకు ధైర్యాన్ని, తల్లిదండ్రులకు ప్రవక్త (స) చూపిన మృదుత్వాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.